వియ్యంకుడు తినిపించిన ముక్క

మూడో తూము దగ్గరి ఇల్లు,
ఫిబ్రవరి 16.

నా చిట్టితల్లి చిరంజీవి మక్పాల్‌కు,

నాన్న దీవెనలు. ఇక్కడ నేనూ, మీ అమ్మా, తమ్ముడు ఎల్దోస్ కులాసాగా ఉన్నాం. ఎర్రావు ఈనింది, కోడెదూడ. కాలువ గడ్డకట్టి పడుకుంది, మార్చి దాకా దానితో నాకు పేచీ లేదు. అల్మాటీలో నువ్వు కూడా బాగున్నావని, గుండె వార్డులో నీ రాత్రి నర్సు డ్యూటీలు కాస్త తగ్గాయని అనుకుంటాను.

నీ ఉత్తరం, మాత్రల పొట్లం బస్సు డ్రైవరు భద్రంగా తెచ్చి ఇచ్చాడు. ఫోనులో చెప్పొచ్చు కదా, ఈ కాలంలో ఉత్తరాలేమిటి అని నువ్వు అంటావు. మీ అమ్మ స్పీకరు పెట్టకుండా ఫోను మాట్లాడదు. మన మాటలు పక్కింటి వాళ్లకు మనకన్నా బాగా గుర్తుంటాయి. ఇప్పుడు రాయబోయేది స్పీకరులో చెప్పే సంగతి కాదు.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. అమ్మ టీలో వెన్న వేయడం మానేసిందా అని అడిగావు. నా గిన్నెలో మానేసింది. తన గిన్నెలో మానలేదు. "నా రక్తం ఎవరూ పరీక్ష చేయలేదు, నా జోలికి రావద్దు" అంటోంది. గుర్రపు మాంసం ఆదివారాలకు తగ్గింది. ఆ రోజు కూడా అమ్మ కొవ్వు ముక్కలు ఏరి ఎల్దోస్ వైపు తోసేది. వాడి సంగతి కింద రాస్తాను. నడక మానలేదు. మంచు పడినా ఐదో తూము దాకా వెళ్లి వస్తున్నాను. మాత్రల గురించి కూడా అడిగావు. ఆ జవాబుకు ముందు చెప్పాల్సింది చాలా ఉంది, కాస్త ఓపిక పట్టు.

కొలెస్టరాల్ గురించి అక్టోబరులో నువ్వు రాసిన పేజీ నాలుగుసార్లు చదివాను. నేను బడిలో చదివింది ఏడో తరగతి, మిగిలినదంతా గట్టు మీద కూర్చుని చదువుకున్నదే కాబట్టి నాకు ఆలస్యంగా అర్థమవుతుంది. కాలువ అడుగున ఒండ్రు పేరుకున్నట్టు రక్తనాళంలో కొవ్వు పేరుకుంటుందని, ఎప్పుడో ఒకసారి పూడిక తీస్తే సరిపోతుందని అనుకునేవాణ్ణి. నువ్వు అలా కాదన్నావు. కొవ్వు గోడ లోపలికి దూరుతుంది, అక్కడ పొక్కులా ఊరుతుంది, ఆ పొక్కు చిట్లిన రోజున రక్తం గడ్డకట్టి గుండెకు దారి మూసుకుపోతుంది అని రాశావు. నాకు నీటి ఎలుకలు గుర్తొచ్చాయి. అవి గట్టు లోపల బొరియలు తవ్వుకుంటాయి. పైన గడ్డి పచ్చగానే ఉంటుంది. నీళ్లు నిండుగా పారుతుంటాయి. కాలువ చూసుకునే నాలాంటి నీరుగంటి ఆ గట్టు మీదే నడిచి వెళ్లి అంతా సవ్యంగా ఉందని పుస్తకంలో రాస్తాడు. ఒకనాడు అరగంటలో గట్టు కూలుతుంది.

మీ తాత యాభై ఒకటో ఏట ఈ మూడో తూము తలుపు ఎత్తుతూ అలాగే కూలిపోయాడు. బక్కపలచని మనిషి. "సన్నగా ఉన్నవాడికి కొవ్వేమిటి" అని సెప్టెంబరులో నీతో నేను వాదించింది ఆయన్ని తలుచుకునే. తిండి వల్ల వచ్చేది కొంతే, ఒంట్లో కాలేయం తయారుచేసేదే ఎక్కువ, కొన్ని వంశాల్లో అది పుట్టుకతోనే ఎక్కువగా తయారవుతుందని నువ్వు అన్నావు. అప్పుడు నా రక్తంలో వచ్చిన అంకె ఏడు పాయింటు నాలుగు. ఐదు దాటకూడదని నువ్వు దాని కింద గీత గీసి ఇచ్చావు. ఆ గీత నాకు నచ్చలేదు.

ఇక మీ తమ్ముడి నిశ్చితార్థం. "అమ్మ చెప్పింది, మీరు చెప్పలేదు" అని రాశావు. అమ్మ తను చూసింది చెప్పింది. నాకు జరిగింది అమ్మకు తెలియదు.

నవంబరు పదహారున మెర్కే అవతల పెళ్లికూతురి తండ్రి సైసెన్‌బాయ్ గారింటికి వెళ్లాం. పెద్ద మనిషి, గొంతు కూడా పెద్దదే, గుర్రాల మంద కాసేవాళ్లకు అలా అలవాటవుతుంది కాబోలు. మా ముందు గొర్రె తల పెట్టారు, మాంసం పెట్టారు. చివరికి గొర్రె తోకకొవ్వు, కార్జం పళ్లెం వచ్చింది. దాని కోసమే నేను వారం రోజులుగా భయపడుతూ ఉన్నాను. నువ్వు ఏది తినొద్దన్నావో అదే, అరచేతి మందాన, వియ్యంకుడి చేత్తో తినాలి. కాదంటే సంబంధం కాదన్నట్టు. కడుపులో బాగాలేదని చెప్పి తప్పుకునే చోటు కాదది.

సైసెన్‌బాయ్ పిడికెడు తీశాడు. "నోరు తెరవండి బావగారూ, ఇక పారిపోవడానికి లేదు" అంటూ నా నోట్లో కుక్కాడు.

కార్జం కార్జమే. తోకకొవ్వు మాత్రం తోకకొవ్వు కాదు. నాలుక మీద కరగాల్సింది పంటి కింద నలిగింది. మాంసం ఉడికిన నీళ్లలో ఉడికించి, పైన కొవ్వు పూసిన తెల్ల ముల్లంగి.

అందరూ నా నోటి వైపే చూస్తున్నారు. నేను నమిలాను, మింగాను, "బాగుంది" అన్నాను. కేకలు వేశారు, నా బుగ్గలకు కొవ్వు పూశారు, మీ అమ్మ కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. అమ్మకు వియ్యపురాలు కుల్యాన్ పెట్టింది నిజమైన తోకకొవ్వే, గడ్డం మీద కారడం చూశాను. ఆ ఇంట్లో ముల్లంగి తిన్నవాణ్ణి నేనొక్కణ్ణే.

నువ్వు పట్నంలో ఉన్నా ఈ సంగతి నీకు తెలుసు. తోకకొవ్వు, కార్జం తిన్న వియ్యంకులను ఎవరూ విడదీయలేరు. తినకపోతే ఇంకా ఏదీ ముడిపడలేదని అర్థం. నా చిన్నతనంలో పై ఊళ్లో ఒక ఇంటివాళ్లు మేక కొవ్వు పెట్టి, మూడు నెలల తర్వాత ఇంకా మంచి సంబంధం రాగానే "మీరు తిన్నది మేక కదా" అని తప్పుకున్నారు. ఆ అబ్బాయి తర్వాత చాలా ఏళ్లు ఎవరింటి విందుకూ వెళ్లలేదు. సైసెన్‌బాయ్ కూడా తలుపు ఓరగా తెరిచి పెట్టుకున్నాడని నాకు అనిపించింది. ఒక్కమాటు అనిపించాక అది నన్ను వదలలేదు.

ఎల్దోస్ ఆ రోజుల్లో ఈల వేసుకుంటూ తిరుగుతున్నాడు. మీ అమ్మ పెళ్లి బొంతలకు గుడ్డముక్కలు కత్తిరిస్తోంది. నేను ముప్పై రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. చెబితే అమ్మ నిద్రపోదు. చెప్పకపోతే బొంతలు పూర్తవుతాయి, పెళ్లికి ఊరంతా వస్తుంది, అప్పుడు వాళ్లు "మీరు తిన్నది ముల్లంగి కదా" అంటే నీ తమ్ముడు ఏమైపోతాడు? పోయేదేదో ఇప్పుడే పోనీ అనుకున్నాను. డిసెంబరు పద్దెనిమిదిన తరాజ్‌లో పనుందని అమ్మకు చెప్పి మెర్కే బస్సు ఎక్కాను. సంబంధం వదులుకోవడానికే ఎక్కానమ్మా. బస్సులో మాటలు కూడబలుక్కున్నాను, నాలుగే నాలుగు మాటలు.

సైసెన్‌బాయ్ నన్ను చూసి వాకిట్లోకి వచ్చాడు, రెండు చేతులూ పట్టుకుని లోపలికి తీసుకెళ్లాడు. టీ పోశారు. వాతావరణం గురించి, గుర్రాల గురించి ఆయన మాట్లాడాడు. మూడో గిన్నె అయ్యాక నేను చెప్పాను.

"బావగారూ, ఆ రోజు మీ చేత్తో నాకు పెట్టింది ముల్లంగి."

ఆయన గిన్నె కింద పెట్టాడు. "ఏం పెట్టానూ?"

"ముల్లంగి. మీరు ఇంకో ఇల్లు చూసుకుంటూ ఉంటే ఇప్పుడే చెప్పండి. మా వాడు నొచ్చుకుంటాడు, నేను సర్దిచెప్పుకుంటాను."

ఆయన ముఖం ఎర్రబడి, ఆ తర్వాత తెల్లబడింది. మోసగాడి ముఖం అలా తెల్లబడదని నాకు అప్పుడే తెలిసింది, మాట మాత్రం బయటికి వచ్చేసింది. తమ ఇంట్లో గొర్రెలకు తోకలు లేవా అని ఆయన అడిగాడు. తన చేత్తో కోసి పళ్లెంలో సర్దానని కుల్యాన్ వంటింట్లోంచే ఒట్టు పెట్టుకుంది. ఇన్నేళ్లలో తనను ఇలా అన్నవాడు లేడని సైసెన్‌బాయ్ లేచి నిలబడ్డాడు. నేను కూడా లేచాను. ఇంకో రెండు మాటలు అనుకుంటే అంతా అయిపోయేది.

అప్పుడు వాళ్లమ్మాయి, మనకు కాబోయే కోడలు తొర్గిన్ వచ్చింది. పాల కేంద్రంలో వెన్నశాతం చూసే ఉద్యోగం కదా, అప్పుడే పని నుంచి వచ్చింది, తెల్లకోటు ఇంకా విప్పలేదు.

"ముల్లంగి పెట్టింది నేను నాన్నా. అమ్మ సర్దిన పళ్లెంలో మీ చేతికి అందే పక్క ముక్క మార్చాను."

తల వంచుకుని చెప్పలేదు. ఎదుటివాళ్ల మీదకు దూకుతూ కూడా చెప్పలేదు. ఏ డబ్బా పాలలో ఎంత వెన్న ఉందో చెప్పినట్టు చెప్పింది.

"ఎందుకే?" అన్నాడు తండ్రి.

"మామయ్యకు ఏడు పాయింటు నాలుగు. ఎల్దోస్ చెప్పాడు."

"ఏడేమిటి, వెన్నా? మన ఆవుల్లో దేనికీ అంత లేదే."

"పాలలో అయితే సంతోషించేదాన్ని నాన్నా. అది రక్తంలో."

కుల్యాన్ బయటికి వచ్చి కూతుర్ని తిట్టడం మొదలుపెట్టింది. ఇంటి పరువు ముల్లంగి చేశావన్నది, వియ్యంకుడి ముందు తల ఎత్తుకోలేమన్నది. పిల్ల అడ్డు చెప్పకుండా అంతా విన్నది. నాకు తిట్టాలనిపించలేదు. ఆడపిల్ల తన సంబంధాన్నే పణంగా పెట్టి నా గుండె కోసం ముల్లంగి చెక్కితే, నేను దాన్ని ముప్పై రెండు రోజులు మోసం అనుకుంటూ నడిచాను. తెలివైనవాణ్ణని నన్ను నేను అనుకునేవాణ్ణి.

నేను వెంటనే అన్నాను, నాకు ఏ పట్టింపూ లేదు, ఇక్కడితో మరిచిపోదాం అని. సైసెన్‌బాయ్ ఒప్పుకోలేదు.

"మీకు లేకపోవచ్చు బావగారూ. రేపు ఎవరైనా అడిగితే నా కూతుర్ని ముల్లంగితో ముడిపెట్టానని చెప్పుకోమంటారా? తినలేదంటే తినలేదు. ఇప్పుడే తిందాం."

చలిగదిలోంచి తోక తెప్పించాడు. కుల్యాన్ ఉడికించింది, కార్జం వేయించింది. తొర్గిన్ చెంబు, పళ్లెం తెచ్చి నా చేతుల మీద వేడినీళ్లు పోసింది. పోస్తూ, ఎవరికీ వినపడకుండా నాతో ఒక మాట అన్నది. ఆ మాట కింద రాస్తాను.

పళ్లెం మధ్యలో పెట్టారు. సైసెన్‌బాయ్ ఆ రోజు కన్నా పెద్ద ముక్కే కోశాడు, పోయిన పరువంతా ఒక్క ముక్కలో రాబట్టుకునేలా. నేను తొర్గిన్‌తో అన్నాను, "ఒక్క ముక్కతో ఎవరూ పోరమ్మా. మా మక్పాల్ ఉత్తరంలో రాసింది."

"నాకూ తెలుసు మామయ్యా. ఈ ముక్క గురించి కాదు నా భయం. రేపు మా అక్క ఇంట్లో ఒకటి పెడతారు, ఎల్లుండి మా మేనమామ పెడతాడు. మా నాన్న చేతి ముక్క తిన్నవారు వాళ్లది ఎలా కాదంటారు? మీ గుండెకు కష్టం మా ఇంటి నుంచి మొదలవకూడదని అనుకున్నాను."

ఇలా అని తండ్రి చేతి కింద నుంచి పళ్లెం లాక్కుంది. ఆ ముక్కలోంచి గోరంత కోసి, కార్జం మీద పెట్టి, తండ్రి వేళ్ల మధ్య ఉంచింది. "ఇది మామయ్యకు పెట్టండి" అన్నది. మిగిలినదంతా, మక్పాల్, తను తిన్నది.

నిశ్చితార్థపు ముక్క పెళ్లికూతురు తినడం నేను విననైనా వినలేదు. ఆ పిల్లకు కొవ్వు గిట్టదట, చిన్నప్పటి నుంచీ మాంసంలోంచి ఏరి పారేస్తుందట, కుల్యాన్ తర్వాత చెప్పింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, మధ్యలో మూడుసార్లు టీ తాగింది, ఆపలేదు. మేం ముగ్గురం ఆమె నమలడం చూస్తూ కూర్చున్నాం. అంతా మింగి, మూతి తుడుచుకుని, "నా రక్తంలో నాలుగే. మామయ్య వంతు నేను తినగలను. ఇక తినలేదని ఎవరూ అనలేరు" అన్నది.

సైసెన్‌బాయ్ ఆ గోరంత ముక్క నా నోట్లో పెట్టి, అదే చేత్తో కళ్లు తుడుచుకున్నాడు, కనురెప్పలకు కొవ్వు అంటుకుంది. "ముప్పై రెండు రోజులు కడుపులో పెట్టుకున్నారా బావగారూ? ముల్లంగి ఒక్క రాత్రి కూడా దాగదే" అన్నాడు. కుల్యాన్ తలగుడ్డ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను కూడా నవ్వాను. బస్సులో కూడబలుక్కున్న మాటలు నాకు ఇంక గుర్తు రాలేదు.

పెళ్లి మార్చి ఇరవై ఆరున, నీళ్లు వదలకముందే. సెలవు ఇప్పుడే అడుగు.

ఇప్పుడు మాత్రల సంగతి. చేతుల మీద నీళ్లు పోస్తూ తొర్గిన్ అన్న మాట ఇది: "మాత్రల డబ్బా జీను సంచిలో ఉందట మామయ్యా. ఐదే తగ్గాయట. నాన్నకు చెప్పలేదు."

నిజమే తల్లీ. నిశ్చితార్థానికి ముందే ఎల్దోస్ జీనుకు పట్టీ వెతుకుతూ చూశాడట. సెప్టెంబరులో ఐదు రోజులు వేసుకున్నాను. ఆ వారమే తుంగ కోశాను, పిక్కలు పట్టేశాయి, మాత్రల వల్లే అనుకున్నాను. నిన్ను అడిగితే సరిపోయేది. అడగలేదు. మొదలుపెడితే చచ్చేదాకా వేసుకోవాలని చెప్పావే, అదే నాకు బరువైంది. ఏ నొప్పీ లేని మనిషి రోజూ రోగిలా మాత్ర ఎందుకు మింగాలి అనుకున్నాను. ఆ పొక్కు నొప్పి పెట్టదని, చిట్లేదాకా తెలియదని నువ్వు రాశాక కూడా అనుకున్నాను.

ఇంతకన్నా చెడ్డది ఇంకొకటి ఉంది. నీటి మట్టం రాసే పుస్తకంలోనే, పక్క గడిలో, మాత్ర వేసుకున్నట్టు టిక్కు పెట్టేవాణ్ణి, అమ్మ దాన్ని చూసే నీకు ఫోనులో చెబుతుంది కాబట్టి. ఎనభై ఎనిమిది దొంగ టిక్కులు. ఈ పుస్తకాల్లో ముప్పై ఒక్క ఏళ్లుగా వేలెడు మట్టం కూడా అబద్ధం రాయలేదు నేను. నీళ్ల కోసం కొట్టుకున్న రోజుల్లో కూడా రెండు పక్షాలూ నా పుస్తకం తెచ్చి చూపించమనేవి. అలాంటి పుస్తకంలో నా కన్నకూతురికి అబద్ధం రాశాను. ఆ పిల్ల మాత్రల సంగతి తండ్రి ముందు బయటపెట్టి ఉంటే ముల్లంగి ఎందుకు పెట్టిందో ఒక్క మాటలో తేలిపోయేది, తిట్లు తప్పేవి. నా పరువు పోతుందని తిట్లన్నీ తనే తిన్నది. దీని ముందు తోకకొవ్వు తినడం చిన్న విషయం.

ఆ రోజు ఇంటికి రాగానే మొదలుపెట్టాను. ఇంతవరకు ఒక్క రోజూ తప్పలేదు. పిక్కల నొప్పి లేదు. పోయిన సోమవారం తరాజ్‌లో రక్తం ఇచ్చాను, ఐదు పాయింటు ఒకటి వచ్చింది, కాగితం ఈ ఉత్తరంతో పెడుతున్నాను. ఇంకా ఎంత తగ్గాలో మీ డాక్టరును అడిగి రాయి. తమ్ముడి సంగతి: తొర్గినే వాణ్ణి పట్టుకెళ్లి పరీక్ష చేయించింది. ఇరవై ఆరేళ్లకే ఆరు పాయింటు మూడు. వాడి ఈల కొంచెం తగ్గింది. అమ్మ ఇప్పుడు కొవ్వు ముక్కలు ఎవరి వైపు తోయాలో తెలియక కుక్కకు వేస్తోంది. ముల్లంగి సంగతి పెళ్లయ్యాక అమ్మకు నేనే చెబుతాను, నువ్వు చెప్పకు.

నన్ను క్షమించమని అడగడం నాకు రాదు. అందుకే ఇంత పొడుగ్గా రాశాను.

ఇంకొక్క సంగతి రాసి ముగిస్తాను. డిసెంబరు నుంచి రోజూ మేం అన్నం తిని లేచే వేళకు నా ఫోను ఒక్కసారి మోగి ఆగిపోతుంది. తొర్గిన్. ఎత్తకూడదు, మోగితే మాత్ర వేసుకోవాలి. తిరిగి నేను ఒక్కసారి మోగిస్తే వేసుకున్నానని అర్థం. "ఎవరో పిసినారి, పూర్తిగా మోగించడు" అంటుంది మీ అమ్మ. మొన్న గురువారం మోగలేదు. మాత్ర నా అంతట నేనే వేసుకున్నాను, అయినా కూర్చోలేకపోయాను. నా అంతట నేను ఎవరికైనా ఫోను చేసి ఎన్నాళ్లయిందో నాకే తెలియదు. చలిలో గట్టు మీదకు వెళ్లి చేశాను. పన్ను నొప్పితో తొందరగా పడుకుందట, గొంతు బొంగురుగా ఉంది.

"వేసుకోలేదా మామయ్యా?"

"వేసుకున్నాను. నువ్వు మోగించలేదని చేశాను."

ఆ తర్వాత కూడా ఇద్దరం ఫోను పెట్టేయలేదు. ఆ చివర వాళ్ల కుక్క మొరగడం వినిపించింది, ఈ చివర మన కాలువ మంచు పగలడం ఆమెకు వినిపించే ఉంటుంది.

ఇట్లు,
నిన్ను తలుచుకునే మీ నాన్న
ఒమిర్జాక్